మా తోడల్లుడి అరికాలు

అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవుల్లో నా గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఈస్టర్‌కి ముందు వచ్చే గురువారం నాడు చర్చిలో మా తోడల్లుడి పాదాలు కడుగుతుంటే అరికాల్లో ఒక మచ్చ కనబడిందనీ, అది మామూలు మచ్చ కాదని ప్రభువు నాకు బయలుపరిచాడనీ, నేను ఆయన్ని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ప్రాణం నిలబెట్టాననీ. ఈ కథ విజయవాడ దాకా వెళ్ళి, అక్కడ కాస్త ఒళ్ళు చేసి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. మా చిన్నమామగారు ఫోన్ చేసి, "ఏమయ్యా, నీకు దర్శనాలు వస్తున్నాయటగా, మా ఊళ్ళో స్థలం రిజిస్ట్రేషన్ ఎప్పుడవుతుందో కాస్త కనుక్కుని చెప్పు" అన్నాడు.

ఆ కథలో గురువారం నిజం. పాదం నిజం. మచ్చా నిజమే. తక్కినదంతా నేను కల్పించింది. దాన్ని సరిచెయ్యడానికే ఇది రాస్తున్నాను.

ముందు మా అజ్ఞానం సంగతి చెప్పాలి. చర్మానికి క్యాన్సర్ రావడం తెల్లవాళ్ళ వ్యవహారం అని మేమంతా గట్టిగా నమ్మేవాళ్ళం. ఎండాకాలం సరస్సు ఒడ్డుకి పిక్నిక్‌కి వెళితే, పక్క కుటుంబం వాళ్ళు పిల్లల వీపులకి గోడకి సున్నం వేసినట్టు క్రీములు పూస్తుంటే చూసి నవ్వుకునేవాళ్ళం. మా ఆఫీసులో ఒకతనికి ముక్కు మీంచి చిన్న ముక్క తీసి కట్టు కట్టారు. అతన్ని పరామర్శించి వచ్చి, "మనం పుట్టుకతోనే గొడుగు వేసుకొచ్చాం" అని ఇంట్లో ఉపన్యాసం ఇచ్చాను. పెళ్ళిచూపులప్పుడు ఒక షేడు తగ్గడం కోసం నానా క్రీములూ రాసుకున్న జనం, ఇక్కడికొచ్చాక నల్లగా ఉన్నందుకు మొదటిసారి గర్వపడ్డాం. ఆ గర్వానికి నేను అధికార ప్రతినిధిని.

మా తోడల్లుడంటే మా ఆవిడ అక్క భర్త. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద. కృష్ణా డెల్టా మనిషి. నేను అన్నయ్యా అంటాను, ఆయన తమ్ముడూ అంటాడు. ఈ పిలుపుల కింద తోడల్లుళ్ళ మధ్య ఉండాల్సిన పోటీ అంతా చక్కగా పరుచుకుని ఉండేది. ఇద్దరం కార్ల పరిశ్రమలోనే. ఆయన సీట్లు డిజైన్ చేస్తాడు, నేను బ్రేకులు. "నేను లేకపోతే నువ్వు ఆగవు" అనేవాణ్ణి. "ఆగడం తర్వాత సంగతి, నేను లేకపోతే నువ్వు కూర్చోనే కూర్చోలేవు" అనేవాడు. మా అత్తగారి ముందు ఈ పోటీ ఇంకా ముదిరేది.

ఆయన ఎడమ అరికాల్లో, మడమ దగ్గర ఒక మచ్చ ఉండేది. నలభై దాటాక వచ్చింది. మొదట ఆవగింజంత. అరికాల్లో పుట్టుమచ్చ ఉంటే విదేశీయోగం అని మనవాళ్ళంటారు కదా. జాతకాలూ రాహుకాలాలూ బల్లిశాస్త్రాలూ విడిచిపెట్టి రక్షణ పొందిన మా కుటుంబాలు, పుట్టుమచ్చల దగ్గరకొచ్చేసరికి మాత్రం కొంచెం చూసీ చూడనట్టు పోయాయి. "అమెరికా వచ్చాక వచ్చిందేంటండీ ఈ యోగం?" అని మా వదిన అడిగితే ఆయన, "గ్రీన్‌కార్డ్ కోసమై ఉంటుందిలే. యోగం కూడా ప్రాసెసింగ్‌లో ఉంది" అనేవాడు. అంతా నవ్వేవాళ్ళం. నలభై దాటాక కొత్తగా వచ్చినదాన్ని పుట్టుమచ్చ అనడమేంటని ఇంతమంది ఇంజనీర్లలో ఒక్కరికీ తోచలేదు.

ఇక ఆ గురువారం. శిష్యుల పాదాలు ప్రభువు కడిగిన రాత్రికి గుర్తుగా, మా సంఘంలో ఏటా ఒకరి పాదాలు ఒకరు కడుగుతాం. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ హాలు అద్దెకి తీసుకుంటాం. మగవాళ్ళది ఒక వరస, ఆడవాళ్ళది ఒక వరస, ప్లాస్టిక్ తొట్లు, గోరువెచ్చని నీళ్ళు, తువ్వాళ్ళు. ఇందులో అసలు విశేషం ఏమిటంటే, కడిగించుకోవడానికి వచ్చేవాళ్ళంతా ఇంట్లో శుభ్రంగా కడుక్కుని, గోళ్ళు తీసుకుని, కొందరైతే క్రీము కూడా రాసుకుని వస్తారు. మురికి పాదం చాపడం మర్యాద కాదు. వినయానికి కూడా ముందు రిహార్సల్ ఉండాలి మాకు.

ఆ ఏడాది ఆయన పాదాలు కడగడం నా వంతయింది. కుడికాలు అయ్యాక ఎడమకాలు ఎత్తాను. మచ్చ చింతగింజంత అయింది. ఒకపక్క కాఫీరంగు, ఒకపక్క కాటుక. అంచులు తడి కాగితం మీద సిరా పాకినట్టున్నాయి. ఇది నేను స్పష్టంగా చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను, ఆ ఒక్క అబద్ధమే మిగిలింది. బొటనవేలితో రుద్దాను. పోలేదు. అప్పుడు నేను, వరసలో చివరిదాకా వినబడేలా అన్నాను.

"ఇదేంటన్నయ్యా? పాపమా, మురికా? పాపమైతే పాస్టర్‌గారిని పిలుస్తా. మురికైతే బ్రష్ తెస్తా."

హాలు ఘొల్లుమంది. పాస్టర్‌గారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎవరో వెనకనుంచి, "రెండూ తెప్పించండి బ్రదర్, సేఫ్‌గా ఉంటుంది" అన్నారు. మా తోడల్లుడు కూడా నవ్వాడు. నవ్వుతూనే కాలు తొట్టిలోంచి లాక్కున్నాడు. నేనింకా తువ్వాలు అందుకోనేలేదు.

ఆ రోజు నుంచి ఆయన సాక్సు తీయలేదు. ఇంట్లో సాక్సు, ప్రార్థన కూటాల్లో సాక్సు, పిల్లల పుట్టినరోజుకి స్విమ్మింగ్ పూల్ పక్కన నిలబడి కేకు తింటూ కూడా సాక్సు. ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచే జాతి కదా మనది, పాదాలు చూపించకుండా బతకాలంటే చాలా పట్టుదల ఉండాలి. నా కారణంగానే అని నాకు తోచలేదు. పైగా "సాక్సు అపొస్తలుడు" అని పేరు పెట్టాను.

కార్ల కంపెనీలు ప్రభుత్వం ముందు చేతులు చాచిన కాలం అది. పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, గేటు దగ్గర బ్యాడ్జి పనిచేస్తే హమ్మయ్య అనుకునేవాళ్ళం. ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టడమంటే, లే ఆఫ్‌కి మనమే చెయ్యెత్తినట్టు. మా వదిన ఎప్పుడైనా, "ఆ మచ్చ ఒకసారి చూపించుకోరాదూ" అంటే, "ఇప్పుడా? ముందు ఉద్యోగం నిలవనీ, మచ్చ ఎక్కడికి పోతుంది?" అనేవాడు. ఆ మచ్చ ఎక్కడికైనా పోగలదని మాకు అప్పటికి తెలియదు.

మరుసటి ఏడు మళ్ళీ గురువారం వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని కుడికాలి సాక్సు ఒక్కటే తీశాడు.

"ఎడమది ఉండనీ తమ్ముడూ."

"ఏం, జలుబు చేసిందా?"

"అలాంటిదే అనుకో."

"సగం రక్షణతో సరిపెట్టుకుంటావా అన్నయ్యా?"

మళ్ళీ నవ్వులు. ఆడవాళ్ళ వరసలోంచి మా వదిన నావైపు చూసింది. ఆవిడ నవ్వలేదు. అదీ నేను చూశాను. చూడటంలో నాకెప్పుడూ లోపం లేదు.

ఆ జూన్‌లో ఒక శనివారం వాళ్ళని మా ఇంటికి భోజనానికి పిలిచాం. మా అత్తగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు, మూడు నెలలు పెద్దకూతురి దగ్గర, మూడు నెలలు చిన్నకూతురి దగ్గర. బిర్యానీ తిని మా తోడల్లుడు డైనింగ్ టేబుల్ దగ్గర్నుంచి సోఫాలోకి వెళ్ళాడు. మా లేతరంగు కార్పెట్ మీద ఆయన నడిచిన దారంతా మరకలు. ఎడమ అడుగు పడ్డచోటల్లా ఒకటి. నెత్తురు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అయ్యో, కార్పెట్!"

మా అత్తగారు కార్పెట్‌ని పట్టించుకోలేదు. సోఫా ముందు నేలమీద కూలబడి, "బాబూ, ఆ మేజోడు తీయండి" అన్నారు.

"ఏం లేదత్తయ్యా, షూ కరిచింది."

"షూ కరిస్తే పైన కరుస్తుంది, అడుగున కరవదు. తీస్తారా, నన్ను తీయమంటారా?"

అత్తగారి చేత కాలు పట్టించుకునే అల్లుడు మా వైపు ఇంకా పుట్టలేదు. ఆయనే తీశాడు. మచ్చ ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉంది. మధ్యలో చిన్న బొడిపె, అది పగిలి చెమ్మగా ఉంది. మా అమ్మాయి, అప్పటికి ఏడేళ్ళుంటాయి, వంగి చూసి, "పెదనాన్నా, ఇట్ లుక్స్ బ్యాడ్. నొప్పి ఉందా?" అంది తన అమెరికా యాసలో. మా అత్తగారు నావైపు తిరిగి, "ఈ ఊళ్ళో డాక్టర్లు లేరా?" అని అడిగారు.

అప్పుడు నేను చేసిన పని ప్రచారంలో ఉన్న ఆ కథలో ఎక్కడా లేదు. ఒకసారి వంగి చూసి, "ఆనెకాయ అత్తయ్యా. మన రంగుకి ఇంకేం వస్తుంది?" అన్నాను. బాత్రూమ్‌లోంచి ఆనెకాయల పట్టీల డబ్బా తెచ్చాను. చర్మాన్ని కొద్దికొద్దిగా తినేసే యాసిడ్ మందు ఉంటుంది వాటిలో. నా చేతులతో ఒకటి అంటించి, మిగతా డబ్బా ఆయన జేబులో పెట్టాను. ఆయన అవి బుద్ధిగా, అయిపోయేదాకా వాడాడు. అంత నమ్మకంగా చెప్పాను మరి. బొడిపె పైన కాస్త కరిగింది, అడుగున దానిపని అది చేసుకుంటూ పోయింది. డబ్బా ఖాళీ అయ్యాక మా వదిన ఆయన్ని అడక్కుండానే అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. నేను వెంట వెళ్ళింది నిజమే. మా ఆవిడ వెళ్ళమంటే వెళ్ళాను.

డాక్టరు ఒక తెల్లావిడ, చేతులనిండా గోధుమరంగు చుక్కలు. లైటు ఉన్న ఒక భూతద్దం మచ్చకి ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అరికాలి చర్మంలో వేలిముద్రల్లాగే గట్లూ, గట్ల మధ్య సన్నని కాలవలూ ఉంటాయి. హాని చెయ్యని మచ్చల్లో రంగు ఎక్కువగా కాలవల్లో నిలుస్తుంది. ఈ మచ్చలో రంగు గట్లమీదికి ఎక్కింది. అది మంచి సూచన కాదు.

మా తోడల్లుడు బొమ్మ చూసి, "గట్టు తెగింది తమ్ముడూ" అన్నాడు తెలుగులో.

"ఏమంటున్నారాయన?" అని అడిగింది డాక్టరు.

"వ్యవసాయం గురించి" అన్నాను.

ఆవిడ పాదాన్ని ఇటూ అటూ తిప్పి, "ఇక్కడ చర్మం కాలింది. యాసిడ్ పట్టీలు ఎవరు వేశారు?" అంది.

"మై బ్రదర్" అని నన్ను చూపించాడు.

"ఈయన డాక్టరా?"

"నో. బ్రేక్స్."

నేను మాట మార్చడానికి, మాలాంటి రంగువాళ్ళకి స్కిన్ క్యాన్సర్ రాదు కదా అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఈ ప్రశ్న వినడం ఆవిడకి అలవాటులా ఉంది. తక్కువగా వస్తుంది, రాకపోవడం కాదు అంది. మీవాళ్ళకి వచ్చినప్పుడు చాలాసార్లు ఎండ తగలని చోటే వస్తుంది, అరికాల్లో, అరచేతిలో, గోటికింద. ఈ రకానికి ఎండతో పెద్దగా పని లేదు. అక్కడ ఎవరూ చూసుకోరు, చూసినా అది కాదనుకుంటారు, అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. తర్వాత మా తోడల్లుణ్ణి అడిగింది, మీ ఇంట్లో ఎవరూ చూడలేదా అని.

"ఏడాదిగా సాక్సులోనే ఉంది" అన్నాడాయన. ఆ మాట ఆవిడతో అన్నా, చూసింది మాత్రం నావైపు.

అక్కడ మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత ఫోన్ వచ్చింది. మెలనోమా.

అప్పుడు మాకు తెలిసినదేమిటంటే, చర్మం క్యాన్సర్లలో ఎక్కువభాగం పుట్టినచోటే పెరుగుతాయి, కోసి తీసేస్తే సాధారణంగా పోతాయి. మా ఆఫీసు మిత్రుడి ముక్కు అలాంటిది. మెలనోమా అలా కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టి, లోపలికి దిగి, దారి దొరికితే ప్రయాణం కడుతుంది. లింఫ్ గ్రంథులు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు, దానికి వీసా అక్కర్లేదు. మేమేమో ఇన్నాళ్ళూ దాన్ని ప్రయాణాల మచ్చ అని ముద్దుచేశాం.

ఇంకో సంగతి. మనం మచ్చని పొలం కొలిచినట్టు వెడల్పు చూస్తాం. వాళ్ళు బావిని కొలిచినట్టు లోతు చూస్తారు. మిల్లీమీటర్లలో. ఆ లోతుని బట్టే చుట్టూ ఎంత కొయ్యాలి, గ్రంథుల్ని చూడాలా వద్దా అన్నది తేలుతుంది. ఆయన మచ్చ చూడాల్సినంత లోతు దిగింది. ఇంకా పల్చగా ఉండగా పట్టుకుని ఉంటే చిన్న కోతతో సరిపోయే అవకాశం ఉండేదని సర్జన్ చెప్పాడు. ఎప్పుడు పల్చగా ఉండేదని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నాకు ఒక గురువారం గుర్తుకొచ్చింది.

ఆపరేషన్‌లో మచ్చతోపాటు చుట్టూ బాగున్న చర్మం కూడా అంచుగా తీసేశారు, కంటికి కనబడని కణాలు మిగలకుండా. అక్కడ పడిన గుంటకి తొడమీంచి పల్చటి చర్మం తెచ్చి అతికారు. అదే రోజు మచ్చ దగ్గర నీలం రంగు మందు ఎక్కించి, ఆ రంగు గజ్జల్లో ముందు ఏ గ్రంథికి చేరుతుందో కనిపెట్టి దాన్ని బయటికి తీశారు. క్యాన్సర్ బయల్దేరితే మొదట ఆగే స్టేషన్ అదే కాబట్టి, అక్కడ దిగిందో లేదో చూస్తే చాలంటారు.

మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోన్.

"తమ్ముడూ, కొంప మునిగింది."

"ఏమైందన్నయ్యా?"

"నీలంగా పోస్తున్నాను. అచ్చం మన కార్లో పోసే విండ్‌షీల్డ్ వాషర్ ఫ్లూయిడ్. చలికాలం వస్తోంది, పట్టి ఉంచమంటావా?"

ఆ రంగు మందు అలాగే పోతుందని నర్సు చెప్పిందట. ఆయనకి తెలిసే నన్ను ఏడిపించాడు. ఆ ఏడిపించడం నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

గ్రంథిలో కొద్దిపాటి కణాలు దొరికాయి. ఆ రోజుల్లో పద్ధతి ప్రకారం ఆ గజ్జల్లో మిగతా గ్రంథులు కూడా తీసేశారు. దానివల్ల కాలు వాపు పట్టడం మొదలైంది, వాపు ఆపడానికి బిగుతైన మేజోడు ఇచ్చారు, రోజూ వేసుకోవాలి. "చూశావా, సాక్సు అపొస్తలుణ్ణి పర్మనెంట్ చేశారు" అన్నాడు. ఏడాదిపాటు తీసుకునే ఇంజెక్షన్లు ఉన్నాయిగానీ, తీసుకున్నన్నాళ్ళూ ఫ్లూ జ్వరంలా ఉంటుంది, లాభం ఎంతో గట్టిగా చెప్పలేం అన్నారు. ఆయన వద్దన్నాడు. కొన్ని నెలలకోసారి స్కాన్ చేయించుకుంటూ ఉండటమే మిగిలింది.

ఆయన చేతికర్రలతో చర్చికి వచ్చిన మొదటి ఆదివారం నేను సాక్ష్యం చెప్పడానికి లేచాను. మా దగ్గర మేలు జరిగినవాళ్ళు లేచి, జరిగింది జరిగినట్టు సంఘం ముందు చెప్పాలి. నేను నిజం చెప్పాలనే లేచాను. "పోయినేడాది పాదాలు కడిగిన రోజు అన్నయ్య అరికాల్లో ఒక మచ్చ చూశాను" అని మొదలుపెట్టాను. ఇంతవరకూ నిజం. అక్కడ ఒక్క క్షణం ఆగాను. ఆ ఆగడమే కొంప ముంచింది. అందరూ ముందుకి వంగారు. ఒక పెద్దావిడ, "ప్రభువా" అని కళ్ళు మూసుకుంది. తర్వాత చెప్పాల్సింది నేను చేసిన జోకు. అది ఆ ముఖాల ముందు నోరు దాటలేదు. దాని బదులు, "ఇది మామూలు మచ్చ కాదని నా ఆత్మకి తెలిసింది" అనే మాట దానంతటదే వచ్చేసింది. "స్తోత్రం!" అన్నారు. ఇక ఆగలేదు. డాక్టరు దగ్గరికి బలవంతంగా నేనే లాక్కెళ్ళాను. యాసిడ్ పట్టీలకి దేవుని ప్రణాళికలో చోటు దొరకలేదు. మా వదినకీ, మా అత్తగారికీ కూడా.

పాస్టర్‌గారు మైకు తీసుకుని, "బ్రదర్, ఇది సత్యమేనా?" అని మా తోడల్లుణ్ణి సంతోషంగా అడిగారు.

ఆయన ఒక్కసారి నన్ను చూసి, "ఆమెన్" అన్నాడు.

కూటం అయ్యాక కారిడార్‌లో మగవాళ్ళు బూట్లు విప్పడం మొదలుపెట్టారు. ఒక అంకుల్ గోడ పట్టుకుని కాలు నా మొహం దాకా ఎత్తి, "చూడు బాబూ, నీకా వరం ఉంది" అన్నాడు. కొన్నాళ్ళు నేను పాదాల పాస్టర్‌ని. నాకేం తెలుసు కనక, అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి, డాక్టరుకి చూపించండి అని. ఒకావిడ బొటనవేలి గోటిలో నల్లగీత ఉంటే చూపించుకుంది. మన రంగువాళ్ళ గోళ్ళలో ఇది మామూలే, వెడల్పవుతుంటే మాత్రం రండి అని పంపారట. ఆవిడ నాకు మైసూర్‌పాక్ పంపింది. అది తిన్నాను కూడా.

మా వదిన మాత్రం ఆ ఆదివారం సాయంత్రం వంటింట్లో నా ముందు కాఫీ కప్పు పెడుతూ, "సాక్ష్యం బాగా చెప్పారు మరిదిగారూ. అందులో ఆ సాక్సు కూడా చెప్పుంటే ఇంకా బాగుండేది" అంది. తర్వాత చాలాకాలం ఆవిడ నాతో మాట్లాడింది భోజనం చేస్తారా, ఇంకొంచెం వడ్డించనా, ఇంతే.

రెండుమూడేళ్ళు స్కాన్లు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఒక స్కాన్‌లో ఊపిరితిత్తిలో చిన్న చుక్క. అదే. అది ప్రయాణం మానలేదు.

అంతకు కొన్నేళ్ళ ముందయితే ఆ దశలో ఇవ్వడానికి పెద్దగా మందుల్లేవట. మా అదృష్టం, అప్పటికి కొత్తవి వచ్చాయి. క్యాన్సర్ డాక్టరు ఇలా చెప్పాడు. ఒంట్లో కాపలా సైన్యం ఒకటి ఉంటుంది. అది రెచ్చిపోయి సొంత ఒంటినే కొట్టకుండా దానికి బ్రేకులుంటాయి. క్యాన్సర్ తెలివిగా ఆ బ్రేకు మీద కాలు వేసి కూర్చుంటుంది. ఈ మందు ఆ బ్రేకుని వదిలిస్తుంది, తర్వాత పని సైన్యమే చూసుకుంటుంది. అందరిలో పనిచెయ్యదు, పనిచేసినవాళ్ళలో చాలా బాగా పనిచేస్తుంది.

మా తోడల్లుడు బయటికొచ్చి కార్లో కూర్చునేదాకా ఆగి, "జీవితమంతా బ్రేకులే గొప్పని చెప్పి చంపావు. చూడు, చివరికి బ్రేకులు తీసి బతికిస్తామంటున్నారు" అన్నాడు.

మూడు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించేవారు. నేనే డ్రైవ్ చేసేవాణ్ణి. ఇది ఎవరూ చెప్పకుండా చేసిన పని. ఆయన వెళ్ళగానే మందు సంగతి తర్వాత, ముందు ఆ పడక్కుర్చీని తిట్టేవాడు. నడుము దగ్గర సపోర్ట్ లేదని, ఫోమ్ చవకదని నర్సులకి క్లాసు పీకేవాడు. మందు మొదట ఆయన ఒంటినిండా దురద తెచ్చింది. ఆపైన పేగులమీద పడింది. బ్రేకు తీసిన బండి కదా, బాత్రూమ్ వైపు కూడా అదే వేగం. దాన్ని అదుపు చెయ్యడానికి స్టెరాయిడ్లు ఇచ్చి, కొన్నాళ్ళు మందు ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆయన బట్టలన్నీ వదులైపోయాయి. జోకులు కూడా తగ్గాయి. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

అలా మందు ఎక్కుతున్న ఒక మధ్యాహ్నం, "అన్నయ్యా, ఆ రోజు సాక్ష్యంలో నేను చెప్పింది అబద్ధం" అన్నాను.

"తెలుసు. నా కాలేగా" అన్నాడు కళ్ళు మూసుకునే.

"మరి ఆమెన్ ఎందుకన్నావు?"

"మైకు పట్టుకుని అంతమంది ముందు నువ్వు దొరికిపోయావు. నన్నూ అలా ఒకసారి నిలబెట్టావుగా, ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాపమా, మురికా అన్నప్పుడు నేనూ నవ్వాను తమ్ముడూ. నవ్వాక దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి పోవడం నామోషీ అనిపించింది. సగం నాది. కానీ మీ వదిన లెక్క వేరు. ఆవిడ లెక్కలో నాకు సగం లేదు" అన్నాడు.

"అందరిముందు చెబుతాను."

"చెప్పు. ఆ ఆనెకాయ పట్టీ మాత్రం వదలకు. కథలో అదే బాగుంటుంది."

పాస్టర్‌గారికి చెబితే ఆయన ఇబ్బందిగా గడ్డం గోక్కున్నారు. "ఆ సాక్ష్యం చాలామందికి ఆశీర్వాదకరంగా ఉంది బ్రదర్. ఇప్పుడెందుకు కెలకడం?" అన్నారు. నేనూ కెలకలేదు. పిరికివాడికి పాస్టర్ అనుమతి లేదనడం మంచి సాకు.

స్కాన్‌లో చుక్క చిన్నదయింది. ఇంకో స్కాన్‌లో ఇంకా చిన్నది. తర్వాత కనబడలేదు. క్యాన్సర్ డాక్టరు పోయింది అనలేదు, ఇప్పటికి కనబడటం లేదు అన్నాడు. మేం ఆ మాటనే పట్టుకుని బతుకుతున్నాం.

2015లో మళ్ళీ గురువారం వచ్చింది. ఈసారి కడిగేది తనే అన్నాడు మా తోడల్లుడు. మేజోడు వేసిన కాలు పక్కకి చాపుకుని, చిన్న స్టూలు మీద కూర్చుని నా పాదం అందుకున్నాడు. నీళ్ళు పొయ్యలేదు. జేబులోంచి ఫోన్ తీసి టార్చి వేశాడు. మడమ చూశాడు, పక్కలు చూశాడు, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూశాడు. వెనక వరస ఆగిపోయింది. "బ్రదర్, కొంచెం త్వరగా" అన్నారు పాస్టర్‌గారు. ఆయన తలెత్తలేదు.

చిటికెనవేలి దగ్గర ఆగాడు. బొటనవేలితో రుద్దాడు. హాలంతా మమ్మల్నే చూస్తోంది. ఇప్పుడంటాడు, నాకు రావలసింది వస్తుంది అనుకున్నాను. ఆయన ముందుకి వంగి, నా చెవిలో, పక్కనున్నవాడికి కూడా వినబడనంత మెల్లగా, "చిటికెనవేలి పక్కన నల్లగా ఒకటుంది. రేపే ఫోన్ చేసి చూపించుకో" అన్నాడు. తర్వాత నీళ్ళు పోసి కడిగి, వేళ్ళ సందులు కూడా తువ్వాలుతో ఒత్తాడు.

చూపించుకున్నాను. మొదట ఆయన్ని చూసిన ఆ డాక్టరే. భూతద్దం పెట్టింది, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచింది, దూది నల్లబడింది. మచ్చ మాయం. కొత్త సాక్సు రంగు వదిలింది. ఆవిడ నవ్వు ఆపుకుంటూ, రావడం మంచిదే, వచ్చిన ప్రతిదీ ఇలా తుడిస్తే పోవాలనే నేనూ కోరుకుంటాను అంది. కార్లోంచి ఆయనకి ఫోన్ చేసి చెబితే, దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత, "అయితే మురికేనన్నమాట" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పాస్టర్‌గారిని అడక్కుండా లేచాను. జోకుతో మొదలుపెట్టి సాక్సు, కార్పెట్, ఆనెకాయ పట్టీ, అన్నీ చెప్పాను. మచ్చని పట్టించుకున్నది మా అత్తగారు, డాక్టరు దగ్గరికి పంపింది మా వదిన, నేను చేసిందల్లా ఏడాదిపైన పోగొట్టడం అన్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఒక పెద్దాయన మాత్రం, అప్పట్లో నా మొహందాకా కాలెత్తిన ఆయనే, నిరాశగా అడిగాడు.

"అయితే బాబూ, ఆ రోజు ప్రభువు నీకేమీ చెప్పలేదా?"

"చెప్పే ఉంటాడంకుల్. అప్పుడు నేను మాట్లాడుతున్నాను."

నా అబద్ధం విజయవాడ వెళ్ళొచ్చింది. ఈ నిజం పార్కింగ్ లాట్ కూడా దాటలేదు. చిన్నమామగారు ఇప్పటికీ స్థలం సంగతి అడుగుతున్నాడు. అందుకే రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు మా వదిన ఇంటి గుమ్మంలో చెప్పుల స్టాండ్ పక్కన సాక్సులకి ఒక బుట్ట పెట్టింది. ఎవరొచ్చినా, పిల్లలైనా పెద్దలైనా, రెండు సాక్సులూ అందులో వేసి అరికాళ్ళు చూపించాకే లోపలికి. మొన్న నేను వెళ్ళేసరికి ఆవిడే తలుపు తీసింది. నేను గోడ పట్టుకుని కుడికాలు ఎత్తి చూపించి, లోపలికి అడుగు వెయ్యబోయాను.

"రెండోది" అంది.